పియానోలో లేని స్వరం

పియానోలో ఎలుక కాపురం పెట్టిందని ఇంటావిడకి చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పియానో ఎంత మంచిదో చెప్పాలి. తరవాత ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడ ఉంటుందో అడగాలి. ఆ తరవాతే లోపల తీగల్ని కొట్టే సుత్తుల మీది ఉన్ని ఫెల్టు ఎవరు కొరికారో చెప్పాలి. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ దొరకవు. నలభై ఏళ్ళు బర్మాలో, యాంగోన్‌లో ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేసి, నిరుడు వానలు వెనకపట్టాక పనిముట్ల సంచి మేకుకి తగిలించేశాను. ఈ పనిలోకి దిగుదామనుకునే పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి "ఏం నేర్చుకోవాలి, ఎంత కాలం పడుతుంది" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది.

ఎంత కాలం పడుతుందంటే, నేను ఆఖరి తప్పు నిరుడు చేశాను. అది చెప్పాలనే నా తొందర. కాని దానికి ముందు రెండు మాటలు చెప్పకపోతే మీకు అర్థం కాదు.

మోసినవాడి కొడుకు

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న పియానోలు మోశాడు. అదీ మా ఇంటి అభివృద్ధి! పాత బంగళాలు చేతులు మారినప్పుడల్లా నలుగురు తెలుగువాళ్ళు తాళ్ళూ వెదురు బొంగులూ పట్టుకెళ్ళి పియానోని మేడ మెట్ల మీంచి దింపేవారు. "బియ్యం బస్తా నోరెత్తదు. ఇది అడుగడుక్కీ మూలుగుతాది," అని నాన్న విసుక్కునేవాడు. నాకు ఆ మూలుగంటేనే ఇష్టం. వెనకాలే నడుస్తూ, ఏ కుదుపుకి ఏ తీగ మోగిందో చెప్పేవాణ్ణి. అది విని చిమిండైంగ్‌లో ఏటి ఒడ్డున మరమ్మతు కొట్టు నడిపే ఊ చిట్ మాంగ్ గారు నన్ను పనిలోకి తీసుకున్నారు. ఆయన్ని అందరూ సయా అనేవారు, అంటే గురువుగారూ అని.

నా చెవికి అసలు గురువు మాత్రం మా మావ. అమ్మవారి పండగకి మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వాళ్ళందరూ చేరితే మావ జముకు పట్టుకుని కథ చెప్పేవాడు. జముకు మీరు చూసి ఉండరు. చిన్న బిందె పాటి గుల్ల, ఒక వైపు తోలు, ఆ తోలు మధ్య నుంచి వచ్చే ఒక్క తీగ. గుల్లని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగని లాగుతూ ఇంకో చేత్తో మీటుతారు. లాగిన కొద్దీ స్వరం పైకి సాగుతుంది, వదిలితే దిగుతుంది. ఎక్కడా ఆగదు. మావ కథ చెబుతుంటే వెనక వంత పాడేది మా అప్ప, అంటే అక్క, నా కంటే ఆరేళ్ళు పెద్దది. ఇప్పుడు మావ లేడు. జముకు అప్ప కొట్లో, కొబ్బరికాయల గోనెల పైన గోడకి వేలాడుతోంది.

ముందు అడుగు

మరమ్మతు కొట్లో చేరిన రెండో ఏడు సయా నన్ను మొదటిసారి ఒంటరిగా పంపారు. సంచౌంగ్ బజారు వెనక డా ఖిన్ యీ అని పెద్దావిడ ఇల్లు. ఫోర్క్ మోగించి, ఇంగ్లీషు పద్ధతిలో ఒక్కొక్క తీగా సరిచేసి, ఆరు గంటలు చెమటోడ్చాను. అణువంత తేడా లేకుండా కుదిరింది. మీసం ఒక్కటే తక్కువ, మెలేద్దామంటే.

ఆవిడ వచ్చి కూచుని బర్మా పాట ఒకటి మొదలెట్టి, నాలుగు స్వరాలకే ఆపేసి మూత వేసేశారు. "అబ్బాయ్, నా పియానో బర్మీస్ మర్చిపోయింది," అన్నారు.

మా ఊళ్ళో పాత ఇళ్ళలో పియానో మీద బర్మా పాటలు వాయించేవాళ్ళకి దాని శ్రుతే వేరు. రెండు మూడు స్వరాలు ఒక వెంట్రుక వాసి అటో ఇటో ఉంటాయి. అది తప్పు కాదు, ఆ ఇంటి పద్ధతి. సయా నన్ను తిట్టలేదు. మర్నాడు నాతో వచ్చి, ఆవిడ పాడుతుంటే విని, మళ్ళీ మొత్తం మార్చారు. తిరిగి వస్తూ ఒకటే అన్నారు: "పనిముట్ల సంచి విప్పే ముందు నోరు విప్పు. ఏ శ్రుతి కావాలని అడుగు."

అప్పట్నుంచి ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే అడిగేవాణ్ణి. ఇప్పుడు మీ దగ్గర ఫోన్లో యాప్ ఉంది. ముల్లు మధ్యకి వస్తే పని అయిపోయిందంటారు. ముల్లు అబద్ధమాడదు, ఒప్పుకుంటాను. కాని ఆ పియానో ఎవరింట్లో ఉందో ముల్లుకి తెలీదు. నాకు తెలుసు. తెలుసని గర్వం కూడా. ఆ గర్వమే నిరుడు నన్ను ముంచింది.

నర్మిన్ ఖానుమ్

నాలుగేళ్ళ కిందట సంచౌంగ్‌లోనే ఒక మూడో అంతస్తు నుంచి పిలుపు వచ్చింది. అజర్‌బైజాన్ అనే దేశం నుంచి వచ్చిన ఆవిడ, పేరు నర్మిన్. భర్త సముద్రంలో గ్యాసు తవ్వే చోట ఇంజనీరు. ఆవిడ ఇంట్లో పిల్లలకి పియానో చెబుతుంది. వాళ్ళ మర్యాద ప్రకారం నేను నర్మిన్ ఖానుమ్ అనేవాణ్ణి. ఆవిడ నన్ను ఉస్తా అనేది. పనితనం తెలిసినవాణ్ణి వాళ్ళ ఊళ్ళో అలా పిలుస్తారట. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం బర్మీస్. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

గుమ్మంలో నా ప్రశ్న నేనడిగాను. "ఇంగ్లీషు శ్రుతే, ఉస్తా," అంది. "కాని ఒక్క మెట్టు మీద ఇలా కొడితే అందుకోవాలి." అని రెండు చేతుల వేళ్ళతో ఒకే మెట్టుని టకటకటకా కొట్టింది. ఎంత వేగమో! పాపం ఆ పాత పియానోలో సుత్తి సగంలోనే చతికిలబడింది.

నాకు నవ్వొచ్చింది. మా బర్మా పియానో వాయించే పెద్దవాళ్ళు కూడా ఒక మెట్టు మీద రెండు చేతులూ మార్చి మార్చి ఇలాగే కొడతారు. ఆ సుత్తుల్ని చురుగ్గా లేచేలా సర్దడం నాకు సయా పెట్టిన భిక్ష. రెండు రోజుల్లో సర్ది ఇచ్చాను. ఆవిడ కొట్టి చూసి చిన్నపిల్లలా చప్పట్లు చరిచింది. "ఇది మా నాన్న తార్ మీద చేసేది! పియానో మీద ఇక్కడ కుదిరింది!"

తార్ అంటే వాళ్ళ తీగ వాద్యం, గుండెకి ఆనించుకుని వాయిస్తారు. దాని మీద వాళ్ళు పలికించే సంగీతాన్ని ముగామ్ అంటారు. మన ఆలాపన తెలిసినవాళ్ళకి తొందరగా పట్టుబడుతుంది: ఒక స్వరం చుట్టూ తిరిగి, తిరిగి, దాన్ని వదల్లేక వదిలి పైకి వెళ్ళి, చివరికి ఇంటికి దిగి వస్తారు. నర్మిన్ ఖానుమ్ తండ్రి వాయించే ముగామ్‌నీ, తను బడిలో నేర్చిన పడమటి దేశాల పియానో పద్ధతినీ కలిపి ఒక పెద్ద రచన చేస్తోంది. నాలుగేళ్ళు ఆ గదిలో అది పెరగడం నేను చెవులారా విన్నాను. శ్రుతి పని అరగంటలో అయిపోయినా టీ పేరు చెప్పి గంట కూచునేవాణ్ణి.

నిరుడు వానాకాలం ఆవిడ తండ్రి రషీద్ గారు కూతుర్ని చూడ్డానికి వచ్చారు. తార్ కూడా తెచ్చుకున్నారు. నేను వెళ్ళేసరికి ముందు గదిలో వాయిస్తున్నారు. ఆహా! అందులో ఒక స్వరం ఉంది, పియానోలో 'మి' అనే స్వరానికి, మన 'గ' అనుకోండి, కాస్త కింద. ప్రతిసారీ నా వీపు మీద ఏదో పాకినట్టయ్యేది. తరవాత ఆవిడ పియానో ముందు కూచుని తన రచన ఎత్తుకోగానే, ఆయన టోపీ తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయారు.

"ఎప్పుడూ అంతే," అంది ఆవిడ, చేతులు ఒళ్ళో పెట్టుకుని. "ఆ స్వరం నీ పెట్టెలో లేదు, లేనిదాన్ని ఉన్నట్టు ఎందుకు వాయిస్తావంటారు. ఇన్నేళ్ళలో ఇది చివరిదాకా వినలేదు. ఆదివారం కచేరీకి వస్తారట. మొదటి సగం విని లేచిపోతారట."

ఆ ఆదివారం ఆవిడకి అదొక్కటే లెక్క. హాలు నిండడం, పత్రికలో రాయడం ఆవిడకి పట్టలేదు. నాన్న లేచిపోకుండా కూచోవాలి.

అతి తెలివి

ఆ వారమంతా నాకు నిద్ర లేదు, సంతోషంతో! పెట్టెలో లేదంటారా? నలభై ఏళ్ళుగా ఇంగ్లీషు పెట్టెల్లో బర్మా స్వరాలు పెట్టినవాణ్ణి నేను. ఈయన స్వరం పెట్టలేనా?

కచేరీ మధ్యాహ్నం మూడింటికి. ఒక సంగీత బడి హాల్లో పాత గ్రాండ్ పియానో ఉంది. పొద్దున్న తొమ్మిదికే వెళ్ళాను. మొత్తం శుభ్రంగా శ్రుతి చేశాను. ఆ తరవాత, ఎవరూ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, మధ్యలో ఉన్న మూడు 'మి' మెట్లని ఆయన తార్ స్వరానికి దించాను. మెట్టుకి మూడు తీగలు, మొత్తం తొమ్మిది. దించి, ఆ స్వరం ఒక్కటే మోగించి విన్నాను. అచ్చం అదే! ఒక్కణ్ణీ ఆ ఖాళీ హాల్లో నవ్వుకున్నాను. ఆవిడ మొహం ఎలా వెలిగిపోతుందో చూద్దామని మోహింగా, అదే మా చేపల పులుసు సేమ్యా, తిని వచ్చి, ముందు వరసలో కూచున్నాను.

ఆవిడ పన్నెండింటికి వచ్చింది. మొదటి సగంలో వాయించే పడమటి దేశపు రచన ఎత్తుకుంది. 'మి' తగిలిన ప్రతిచోటా పియానో పుల్లగా ఏడ్చింది. ఆవిడ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఉస్తా, పియానోకి ఏమైంది?"

చెప్పాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. రెండో సగంలో వాయించాల్సిన తన రచన తెరిచి, ముగామ్ వచ్చే చోటు నాకు వినిపించింది. అక్కడా బాగాలేదు! అచ్చం ఆయన స్వరమే, అయినా ప్రాణం లేదు.

"మా నాన్న స్వరం ఒక్క చోట నిలబడేది కాదు," అంది. "పైకి వెళ్ళేటప్పుడు ఒక చోట ఉంటుంది, దిగేటప్పుడు ఇంకో చోట. నువ్వు దాన్ని పట్టుకుని మేకు కొట్టావు. ఇంక అది ఎటు వెళ్తుంది?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. జముకు విని పెరిగినవాడికి ఈ మాట ఇంకొకరు చెప్పాలా? మావ ఏనాడైనా తీగని ఒక్క చోట ఆపాడా? సరే, అది పోనీ. సంచి విప్పే ముందు నోరు విప్పమని సయా చెప్పిన ఒక్క మాటా పనిలో నలభయ్యో ఏట మర్చిపోయాను. పిల్లలూ, చేతకాక చేసే తప్పు చిన్నది. చేతనవునని చేసే తప్పుకి అడ్డు చెప్పేవాడు ఉండడు.

తొమ్మిది తీగలు

కొత్త పియానో అయితే తొమ్మిది తీగలు వెనక్కి తేవడం అరగంట పని. ఇది పాతది, బయట వాన, చెక్క ఉబ్బి ఉంది. అలాంటప్పుడు ఒకసారి దించిన తీగని మళ్ళీ ఎక్కిస్తే మాట మీద నిలబడదు. నేను రెంచి పట్టుకునేసరికి కరెంటు పోయింది. వెంటనే కిటికీ కింద జనరేటరు డబడబమని మొదలైంది. ఆ మోతలో తీగ ఊగుతోందో నిలిచిందో ఏ చెవికి తెలుస్తుంది?

హాలు చూసే ఆయన్ని జనరేటరు ఆపమని బతిమాలాను. ఆయన చేతులు కట్టుకున్నారు. "గురువుగారూ, ఏసీ లేకపోతే పెద్దవాళ్ళు కూచోరు. నాకు మాటొస్తుంది."

నర్మిన్ ఖానుమ్ ముందుకొచ్చింది. "పెద్దవాళ్ళకి నేను విసనకర్రలు పంచుతాను. ఆపండి," అంది. ఆయన ఆవిడ కళ్ళలోకి ఒకసారి చూసి, వెళ్ళి ఆపేశారు.

ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం! కిటికీలన్నీ తెరిచారు. ఆవిడ మెట్టు కొడుతూ కూచుంది, నేను ఒక్కొక్క తీగా ఎక్కిస్తున్నాను. ఎక్కించడం, గట్టిగా కొట్టడం, అది జారడం, మళ్ళీ ఎక్కించడం. ఏడో తీగ దగ్గర టప్పుమంది. గోరుచుట్టు మీద రోకటిపోటు: తీగ తెగి నా మణికట్టు చీరుకుపోయింది. కొత్త తీగ వెయ్యగలను గాని, కొత్త తీగ సాగుతూనే ఉంటుంది, కచేరీ మధ్యలో అపస్వరం పలుకుతుంది. అందుకని వెయ్యలేదు. ఆ మెట్టుకి మిగిలిన రెండు తీగలే గతి అని చెప్పేశాను. ఇది గుర్తుపెట్టుకోండి. దాచిపెట్టి అతుకు వెయ్యడం కంటే, ఉన్నది ఇంతే అని వాయించేవాళ్ళకి ముందే చెప్పడం మేలు. వాళ్ళ వేళ్ళు దాన్ని సర్దుకుంటాయి.

"రెండు చాలు," అంది. నా మణికట్టుకి తన రుమాలు కట్టి, "ఇప్పుడు నేనేం చేస్తానో చూడు, ఉస్తా," అని 'మి'నీ, దాని కిందనున్న నల్ల మెట్టునీ చూపించింది. నల్లదాన్ని తాకీ తాకనట్టు ముట్టుకుని, వెంటనే 'మి' మీదికి జారింది. మళ్ళీ. మళ్ళీ. ప్రతిసారీ ఆలస్యం కాస్త మార్చింది. ఒకసారి పెడలు తొక్కింది, ఒకసారి వదిలింది. రెండు మెట్ల మధ్య ఏమీ లేదు, చెక్క ఉంది. అయినా అక్కడి నుంచి ఆయన స్వరం కదులుతూ వచ్చింది! నేను దగ్గరుండి సరిచేసిన తీగలే, నా చెవే నన్ను మోసం చేసింది.

ఎనిమిది తీగలూ నిలబడేసరికి రెండూ నలభై. అప్పటికే జనం మెట్లెక్కుతున్నారు.

మూడు గంటలకి

అప్పని నేనే పిలిచాను. ఆదివారం కొట్టు మూసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. ముందు వరస చివరికి దగ్గర్లో రషీద్ గారు, టోపీ చేతిలో పట్టుకుని, లేచి వెళ్ళడానికి వీలుగా కూచున్నారు. ఆయనకీ దారికీ మధ్య రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే అప్ప తిన్నగా వెళ్ళి ఆయన పక్కదాంట్లో కూచుంది. నేను దాని పక్కన. ఏసీ లేదు, చాలామంది చేతుల్లో విసనకర్రలు.

మొదటి సగం అయింది. 'మి' ఎక్కడా ఏడవలేదు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

విరామంలో రషీద్ గారు లేచారు. కాని ఆయన దారికి అప్ప మోకాళ్ళు అడ్డం. అప్ప ఆయన లేవడం చూసి, తనకి విసనకర్ర లేదని కనిపెట్టి తెచ్చిపెట్టడానికి లేచారనుకుంది కాబోలు, ఎంతో మర్యాదగా చెయ్యి ఊపింది. "వద్దు బావూ, నాకొద్దు. నువ్వు కూకో." ఆయనకి తెలుగు ముక్క రాదు. అయినా అప్ప కూకోమంటే కూకోని మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆయన కూడా కూచున్నారు, టోపీ మోకాలి మీద పెట్టుకుని.

ఆవిడ తన రచన ఎత్తుకుంది. మొదట్లో అంతా పడమటి పద్ధతి, రెండు చేతులూ రెండు దారుల్లో. పోను పోను ఎడమ చెయ్యి ఆగింది. కుడి చెయ్యి ఒక్క స్వరం చుట్టూ తిరగడం మొదలెట్టింది. టకటకటకా ఆ తార్ దెబ్బ. సుత్తులు ఎక్కడా తడబడలేదు. ఆ తరవాత 'మి' దగ్గరికి వచ్చింది.

నేను పియానో వైపు చూడలేకపోయాను. రషీద్ గారి చేతులు చూస్తూ కూచున్నాను. ఆయన వేళ్ళు టోపీ అంచు మీద కదిలాయి. ఎడమ చేతి వేళ్ళు, తార్ మీద ఎక్కడ నొక్కుతారో అక్కడ. పైకి వెళ్ళేటప్పుడు ఒక చోట, దిగేటప్పుడు ఇంకో చోట. ఈ పక్కన అప్ప కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తోంది.

చప్పట్లు అయ్యాయి, జనం లేచారు, కిందికి దిగారు. ఆయన లేవలేదు. నర్మిన్ ఖానుమ్ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన ఏదో అన్నారు, నాలుగే మాటలు. ఆవిడ గబగబా పియానో దగ్గరికి వెళ్ళి ఆ ఒక్క చోటే మళ్ళీ వాయించింది. ఆయన వేలెత్తారు. ఇంకోసారి వాయించింది. ఆయన మళ్ళీ వేలెత్తారు. వాయిస్తూనే నా వైపు తిరిగి, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా నవ్వుతూ, "ఇంకోసారి అడుగుతున్నారు, ఉస్తా!" అంది.

అప్ప రుమాలు కట్టిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరే రాజూ, నిజం సెప్పు. మావ జముకు ఆ పెట్టిలో ఎప్పుడెట్టినావు?"

"నానెట్టలేదప్పా," అన్నాను. "పొద్దున్న నానెట్టినదాన్ని తీసేసినాను."